ఎస్పెరాంటోలో ‘నుర్’ ఎక్కడ పెట్టాలి?

ఎస్పెరాంటో అనే కృత్రిమ భాషలో పదాల్ని ఏ వరుసలో పెట్టినా చెల్లుతుందని చాలామంది చెబుతుంటారు. నేనూ అదే నమ్మకంతో మొదలుపెట్టాను. నిజానికి ఆ భాషను తయారుచేసిన జామెన్‌హాఫ్ 1887లో ఇచ్చిన 16 నియమాల్లో వాక్యంలో పదాల వరుస గురించి ఒక్కటీ లేదు.

కర్మకు చివర ‘న్’ చేరుతుంది, మన ‘ను’ లాగే. ‘పిల్లి ఎలుకను పట్టింది’ అన్నా ‘ఎలుకను పిల్లి పట్టింది’ అన్నా మనకు అర్థం మారదు కదా, అక్కడా అంతే. క్రియను చివర పెట్టినా తప్పు కాదు. విశేషణం నామానికి ముందూ రావచ్చు, వెనకా రావచ్చు.

చిక్కంతా ‘నుర్’ దగ్గరే వచ్చింది. అంటే ‘మాత్రమే’. ‘నేను పుస్తకాన్ని మాత్రమే చదివాను’ అని మనసులో అనుకుని ‘మి లా లిబ్రోన్ నుర్ లెగిస్’ అని రాశాను. వరుస అచ్చం మనదే. కానీ ఆ వాక్యానికి వచ్చే అర్థం వేరు: ‘పుస్తకాన్ని చదివానంతే, ఇంకేమీ చేయలేదు’ అని! మన ‘మాత్రమే’ తన ముందున్న పదాన్ని పట్టుకుంటుంది. ‘నుర్’ తన తర్వాత వచ్చే పదాన్ని పట్టుకుంటుంది. నేను రాయాల్సింది ‘మి లెగిస్ నుర్ లా లిబ్రోన్’. ‘కూడా’ అనే అర్థమిచ్చే ‘అంకౌ’దీ, ‘కాదు’ అనే ‘నే’దీ ఇదే పద్ధతి.

నాకు బాగా నచ్చింది మాత్రం ఇంకో జత. ‘మి ఫర్బిస్ లా దోమోన్ బ్లాంకాన్’ అంటే తెల్ల ఇంటికి రంగు వేశాను. చివరి ‘న్’ తీసేసి ‘బ్లాంకా’ అంటే, రంగు వేసి ఇంటిని తెల్లగా చేశాను. పదాల వరుస ఏమాత్రం కదల్లేదు, చూడండి! ఇక్కడ మనం ‘తెల్లగా’ అని తలచుకుని ‘బ్లాంకే’ అని రాసేస్తాం. అలా రాస్తే ఆ తెలుపు ఇంటికి అంటదు, రంగు వేసిన తీరును చెబుతుంది.

ఎస్పెరాంటోను సవరించి 1907లో తెచ్చిన ‘ఇదో’ అనే భాషలో విశేషణాలకు ఈ ‘న్’ లేదు, కర్మకు కూడా అది కర్త కంటే ముందుకొచ్చినప్పుడే తప్పనిసరి. నేర్చుకోవడం తేలికే, ఒప్పుకుంటాను. కానీ ఇల్లు ముందే తెల్లగా ఉందా, రంగు వేశాక తెల్లబడిందా అన్నది ఆ ‘న్’ ఒక్కటే చెప్పేస్తుంటే, దాన్ని వదులుకోవడానికి నాకు మనసు రాదు.