స్టీల్ ప్లాంట్ కింద పోయిన ఊరు: ముత్తాత తండ్రి పేరు ఎలా తెలుసుకోవాలి?

ఎండాడ మనవరాలు

అందరికీ నమస్కారం. మా నాన్నమ్మకి 84 ఏళ్ళు. జపాన్ వాళ్ళు విశాఖ మీద బాంబులు వేసినప్పుడు తను చంకలో పిల్లనని ఆవిడ లెక్క. అంటే 1942 ఏప్రిల్ నాటికి ఇంకా నడక రాని వయసు. ఆవిడ మామగారు, అంటే మా ముత్తాత, పేరు అప్పలస్వామి. తాతయ్య చిన్నపిల్లాడిగా ఉండగానే ఆయన రంగం, అంటే బర్మాలోని రంగూన్, వెళ్ళారట. "ఎలిపోనాడు, మరి రానేదు" అంటుంది నాన్నమ్మ. అంతకు మించి ఆవిడకీ తెలియదు. ఆవిడ కాపురానికి వచ్చేసరికి ఇంట్లో అత్తగారొక్కరే ఉన్నారు. ఆయన తండ్రి ఎవరో చెప్పేవాళ్ళు ఇప్పుడెవరూ లేరు.

మా ఊరు కూడా లేదు. స్టీల్ ప్లాంట్ భూసేకరణలో పోయింది. మావాళ్ళు గాజువాక వచ్చి, తర్వాత తలో దిక్కూ అయిపోయారు.

పోయిన నెల ట్రంకు పెట్టె సర్దుతుంటే నాన్నమ్మ పాత చీర మడతలో ఒక కాగితం దొరికింది. అరచేయంత ఉంటుంది. టీ డికాషన్ రంగుకి తిరిగింది, మడత దగ్గర చిరిగి రెండు ముక్కలయింది. సిరాతో "అప్పలసామి" అని, పక్కన "ఫ 1347" అని రాసి ఉంది. ఇదేమిటి? దీన్ని పట్టుకుని ఎటు వెళ్ళాలి? డబ్బు కట్టే వెబ్‌సైట్లు వద్దండీ. నాన్నమ్మ ఉండగానే ఆ పేరు తెలుసుకుని ఆవిడకి చెప్పాలని ఉంది.

పాత అడంగల్

అమ్మా, అది శిస్తు రశీదు. భద్రంగా ఒక ప్లాస్టిక్ కవరులో పెట్టండి, టేపు మాత్రం అతికించకండి. ఫ అంటే ఫసలీ, శిస్తు లెక్కల సంవత్సరం. ఫసలీకి 590 కలిపితే ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది. జూలై 1న మొదలవుతుంది కాబట్టి మీది 1937 జూలై నుంచి 1938 జూన్ దాకా. అంటే అప్పటికి మీ ముత్తాత పేరు మీద భూమి ఉంది.

నేను రెవెన్యూలో 31 ఏళ్ళు చేసి రిటైరయ్యాను. మన వైపు మైదానం ఊళ్ళు చాలావరకు జమీందారీ కిందివే. 1948 ఎస్టేట్ల రద్దు చట్టం వచ్చాక ఆ ఊళ్ళు సర్కారు చేతికి వచ్చి సర్వే, సెటిల్‌మెంటు జరిగాయి. అప్పుడు తయారైనదే సెటిల్‌మెంట్ ఫెయిర్ అడంగల్, అంటే ఊరి భూముల లెక్కల పుస్తకం. ఆఫీసుల్లో ఎస్.ఎఫ్.ఏ. అంటాం. సర్వే నంబరు వారీగా పట్టాదారు పేరు ఉంటుంది. రాసిన గుమాస్తా ఓపికను బట్టి తండ్రి పేరో, భర్త పేరో కూడా ఉంటుంది. మీభూమి వెబ్‌సైటులో కనిపించేది ఇప్పటి లెక్క, దానితో మీ పని జరగదు.

మీ ఊరు పోయిందని బాధపడుతున్నారు గానీ, ఈ వెతుకులాటలో అది మీకు లాభమే. భూసేకరణ చేసినప్పుడు అవార్డు, అంటే పరిహారం తేల్చే ఉత్తర్వు, రాస్తారు. ఏ సర్వే నంబరు ఎవరిది, ఎంత పరిహారం, పట్టాదారు చనిపోతే వారసులెవరు, వాళ్ళు ఏమని వాంగ్మూలం ఇచ్చారు, ఇవన్నీ ఆ ఫైలులో ఉంటాయి. ఊరు ఊరుకంతా సర్కారు కూర్చుని వంశవృక్షం రాసినట్టే. ముందు మీ చుట్టాల్లో ఎవరి దగ్గరైనా ఆర్ కార్డు ఉందేమో అడగండి. నిర్వాసితులకు ఇచ్చిన కార్డు. అందులో ఊరి పేరు దొరికితే అవార్డు నకలుకు సమాచార హక్కు కింద అర్జీ పెట్టండి. జిల్లా స్థాయి ఆఫీసుకైతే పది రూపాయల ఫీజు. "మా పూర్వీకుల వివరాలు కావాలి" అని రాస్తే తిరిగి వస్తుంది. ఊరు, సర్వే నంబరు, పట్టాదారు పేరు రాసి "అవార్డు మరియు వారసుల వాంగ్మూలాల నకలు" అని అడగండి.

కంచరపాలెం కుర్రాడు

రంగం అనగానే రాయకుండా ఉండలేకపోయాను. మాది బర్మా క్యాంపు, బర్మా నుంచి తిరిగొచ్చినవాళ్ళ పేట. మా తాత 1964 తర్వాత ఓడలో వచ్చిన బ్యాచ్. మీ ముత్తాత కథ ఇక్కడ ఇంటింటికీ ఉంది, కాకపోతే అటువైపు నుంచి. విశాఖ, భీమిలి, కళింగపట్నం రేవుల నుంచి ఓడెక్కి రంగూన్ రేవులో మూటలు మోయడానికి, వడ్ల మిల్లుల్లో పని చేయడానికి వెళ్ళారు. 1941 డిసెంబర్ 23న రంగూన్ మీద బాంబులు పడ్డాక లక్షల మంది కాలినడకన బయల్దేరారు, అరకాన్ మీదుగా కొందరు, మణిపూర్ మీదుగా కొందరు. దారిలో ఎంతమంది పోయారో ఎవరూ రాసిపెట్టలేదు. రాకపోయినవాళ్ళంతా వదిలేసి వెళ్ళినవాళ్ళు కాదని మీ నాన్నమ్మగారికి చెప్పండి. ఇది నాకు ముఖ్యం.

తిరిగొచ్చిన కుటుంబాల దగ్గర కాందిశీకుల కాగితాలు ఉన్నాయి, అందులో కుటుంబంలో అందరి పేర్లూ, వయసులూ ఉంటాయి. మీ ఊరి పేరు చెబితే మా పేటలో ముసలివాళ్ళని అడుగుతాను. వాళ్ళకి మనిషి పేరు గుర్తుండకపోయినా "ఫలానా ఊరోళ్ళు ఫలానా మిల్లు దగ్గర ఉండేవోళ్ళు" అని గుర్తుంటుంది.

లేఖరి గారబ్బాయి

మా నాన్న దస్తావేజు లేఖరి. పాత దస్తావేజు ఒక్కటి దొరికితే రెండు తరాలు దొరికినట్టే అనేవారు. ఎందుకంటే రాసిచ్చేవాడి తండ్రి పేరు, రాయించుకునేవాడి తండ్రి పేరు, కాపురం ఉండే ఊరు, జీవనం, చివర సాక్షులు, చతుస్సరిహద్దుల్లో పక్క పొలాలవాళ్ళు, అన్నీ అందులోనే. సాక్షుల్లో చాలాసార్లు బావమరిదో మేనమామో ఉంటాడు.

ఆన్‌లైన్ ఈసీ (ఆస్తి లావాదేవీల ధ్రువపత్రం) 1983 నుంచే వస్తుంది. అంతకు ముందువి సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో ఇండెక్సు పుస్తకాలు చూసి తీయాలి. ఒక ఇండెక్సు మనుషుల పేర్లతో, ఇంకోటి ఆస్తితో. సంవత్సరం సుమారుగా తెలియకపోతే వెతకడం కష్టం, వెతికే ఫీజు కూడా ఏడాదికింత అని ఉంటుంది.

ఇంకో మాట. అందరూ మగవాళ్ళ పేర్ల వెంట పడతారు. పసుపు కుంకుమ కింద కూతురికి రాసిచ్చిన దస్తావేజులు చూడండి. "ఫలానా వారి కుమారుడు ఫలానా వారి భార్య, మా కుమార్తె" అని రాస్తారు. ఒకే వాక్యంలో పుట్టింటివాళ్ళూ, అత్తింటివాళ్ళూ కనిపిస్తారు. మా అమ్మమ్మ పుట్టింటి పేరు నాకు అలాగే తెలిసింది, అప్పటిదాకా ఆవిడ మాకు "ఫలానా వారి భార్య" మాత్రమే.

ఆస్తి తగాదాలు నడిచిన ఇల్లయితే భాగపంపిణీ దావా కాగితాలు అడగండి. వంశవృక్షం గీసి జతచేస్తారు. మా పెద్దవాళ్ళు ఏళ్ళ తరబడి మాట్లాడుకోకపోయినా ఆ దావా పుణ్యమా అని నాలుగు తరాలు కాగితం మీద మిగిలాయి.

సిరిపురం

ఇంటిపేరూ గోత్రమూ ఒకటైతే ఒకే వంశం కదా. ఫేస్‌బుక్‌లో మీ ఇంటిపేరు గ్రూపులో అడిగితే ఒక్క రోజులో తేలిపోతుంది.

చోడవరం చెరుకు

సిరిపురం గారూ, ఒప్పుకోలేను. ఇంటిపేర్లు చాలావరకు ఊరి పేర్ల నుంచి వచ్చినవి. ఒకే ఊరి నుంచి వేర్వేరు కులాల వాళ్ళు బయటికి వెళ్ళి అదే పేరు పెట్టుకున్నారు. నేను అలాగే నమ్మి, ఎవరిదో వంశవృక్షం తెచ్చి మాది అనుకుని రెండేళ్ళు తిరిగాను.

మన వైపు ఇంకో చిక్కు ఉంది. సింహాద్రి అప్పన్న మీద అప్పలస్వామి, అప్పలనాయుడు, అప్పలరాజు, అప్పలనర్సమ్మ. పైడితల్లి మీద పైడిరాజు, పైడమ్మ. నూకాలమ్మ మీద నూకరాజు. కనకమహాలక్ష్మి మీద కనకరాజు, కనకమ్మ. మా ఊరి పాత అడంగల్లో మా ఇంటిపేరుతోనే ముగ్గురు అప్పలస్వాములు ఉన్నారు. పేరొక్కటే చూసి మనవాడు అనుకోకండి. తండ్రి పేరు, సరిహద్దు, భార్య పేరు, వీటిలో కనీసం రెండు కలవాలి.

కానీ పేర్లలోనే దారి కూడా ఉంది. పెద్ద కొడుక్కి తాత పేరు పెట్టడం మనవాళ్ళలో ఉన్నదే. మీ ఇంట్లో పెద్ద మగపిల్లల పేర్లు ఏమిటి, అవి ఎవరు పెట్టమన్నారు అని నాన్నమ్మగారిని అడగండి. "మీ మామగారి తండ్రి పేరేమిటి" అంటే గుర్తురాదు. "ఈ పేరు ఎవరిది" అంటే వస్తుంది.

జాతకం ఏదైనా ఉంటే తెలుగు సంవత్సరం చూసుకోండి. "ఆనంద" అని ఉంటే 1914-15 కావచ్చు, అరవై ఏళ్ళు వెనక్కి 1854-55 కూడా కావచ్చు. మిగతా మనుషుల వయసులతో సరిచూసుకోవాలి.

మా నాన్న గయ వెళ్ళినప్పుడు పండా, అంటే యాత్రికుల పురోహితుడు, తన పుస్తకం తీసి మా ఊరి పేరు మీద పేజీ తిప్పాడట. మా తాత సంతకం ఉంది. వంకర అక్షరాలు, "చోడవరం" లో సున్నా మర్చిపోయి తర్వాత పైన ఇరికించారు. నాన్న ఆ పేజీ మీద చాలాసేపు వేలు ఆనించి కూర్చున్నారట. మీ ఇంట్లో ఎవరైనా కాశీ, గయ వెళ్ళి ఉంటే అక్కడా అడగవచ్చు. హరిద్వార్ పండాల పుస్తకాలు ఫ్యామిలీసెర్చ్ అనే సైటులో ఉచితంగా పెట్టారు గానీ, మన వైపు వాళ్ళకి అక్కడ దొరకడం తక్కువ.

భీమిలి మేరీ

క్రైస్తవ కుటుంబాల వాళ్ళకి ఒక మాట. విశాఖలో లండన్ మిషన్ వాళ్ళు 1805లోనే వచ్చారు, తర్వాత కేథలిక్కులు, కెనడియన్ బాప్టిస్టులు. పాత చర్చిల్లో బాప్తిస్మ, వివాహ, సమాధి రిజిస్టర్లు ఉంటాయి. మా ముత్తవ్వ పేరు పక్కన "పూర్వపు పేరు" అని రాసి ఉంది. ఆ ఒక్క మాటతో ఆమె పుట్టిన ఊరిదాకా వెళ్ళగలిగాం. ముందుగా ఉత్తరం రాసి, ఆదివారం కాని రోజు వెళ్ళండి. ఫోటో తీసేముందు అడగండి.

మర్రిపాలెం

రంగం కాదు, నాటాల్ వెళ్ళినవాళ్ళ కోసం ఎవరైనా చదువుతుంటే: 1860 నుంచి 1911 దాకా దక్షిణాఫ్రికాకు వెళ్ళిన కూలీల ఓడ జాబితాలు ఉచితంగా దొరుకుతాయి. పేరు, వయసు, తండ్రి పేరు, జిల్లా, ఊరు, ఒంటి మీద పుట్టుమచ్చలతో సహా. విశాఖ జిల్లా పేరు అందులో చాలాసార్లు కనిపిస్తుంది. ఇంగ్లీషు వాళ్ళు విన్నట్టు రాసుకున్నారు కాబట్టి ఊరి పేరు పైకి చదివి, చెవితో పోల్చుకోండి. 1950లో శ్రీకాకుళం, 1979లో విజయనగరం విడిపోయాయి కాబట్టి పాత కాగితంలో విశాఖ జిల్లా అంటే ఇప్పటి పలు జిల్లాలు.

పాత అడంగల్

ఒకటి మరిచాను. మంగలి, కుమ్మరి, గుడి సేవ, ఏదైనా వృత్తికి ఇనాం భూమి (సేవకు ప్రతిగా ఇచ్చిన మాన్యం) ఉన్న కుటుంబమైతే ఇనాం ఫెయిర్ రిజిస్టర్ అడగండి. 1858లో వేసిన ఇనాం కమిషన్ రాయించింది. అనుభవదారు ఎవరు, మొదట ఎవరికి ఇచ్చారు, వాళ్ళకీ వీళ్ళకీ చుట్టరికమేమిటి అని ఉంటుంది. జమీందార్ల చరిత్రే దొరుకుతుంది, మామూలువాళ్ళది దొరకదు అని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు.

అలాగే, ఏ సైటులోనైనా వంశవృక్షం పెడితే బతికున్నవాళ్ళ పుట్టిన తేదీలు, ఆధార్ నంబర్లు పెట్టకండి.

ఎండాడ మనవరాలు

నాలుగు నెలల తర్వాత రాస్తున్నాను, క్షమించండి. అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు.

ఆర్ కార్డు మా చిన్న తాతయ్య వరసాయన ఇంట్లో దొరికింది. దాన్ని పట్టుకుని అర్జీ పెట్టాను. మొదటిది తిరిగొచ్చింది. పాత అడంగల్ గారు చెప్పినట్టు రెండోది రాస్తే అవార్డు నకలు పదకొండు పేజీలు వచ్చాయి. అందులో తాతయ్య వాంగ్మూలం ఉంది: తండ్రి అప్పలస్వామి రంగంలో ఉండిపోయారు, ఈ భూమిలో ఎకరం చిల్లర తల్లి పైడమ్మకు ఆమె తండ్రి పసుపు కుంకుమ కింద ఇచ్చినది, అని. పక్కనే దస్తావేజు నంబరు, సంవత్సరం. కింద తాతయ్య వేలిముద్ర. నేనెప్పుడూ చూడని తాతయ్య బొటనవేలు.

లేఖరి గారబ్బాయి గారూ, మీ మాట అక్షరాలా నిజమైంది. ఆ నంబరుతో రిజిస్ట్రారు ఆఫీసులో నకలు తీయించాను. "సన్యాసి కుమారుడు అప్పలస్వామి భార్య, మా కుమార్తె పైడమ్మకు" అని ఉంది. ముత్తాత తండ్రి పేరు ముత్తవ్వ కాగితంలో దొరికింది. తూర్పు సరిహద్దులో కూడా అల్లుడి పొలం అనే రాశారు, కాబట్టి వేరే అప్పలస్వామి కాదు.

ఆ సాయంత్రం నాన్నమ్మ మంచం పక్కన కూర్చుని చదివి వినిపించాను. సన్యాసి అనగానే ఆపమని చెయ్యెత్తింది. మా పెద్దనాన్న పేరు సన్యాసిరావు. ఆయన పుట్టినప్పుడు నాన్నమ్మ వేరే పేరు అనుకుందట, అత్తగారు ఒప్పుకోలేదు. "ఈ పేరే ఎట్టాల అని మూడ్రోజులు అన్నం తిన్నేదు. ఎవుల పేరని నానడగనేదు, ఆవిడా సెప్పనేదు" అంది.

చోడవరం గారూ, మీరు అడగమన్న ప్రశ్న నేను ఆవిడని అడగలేదు. కంచరపాలెం తమ్ముడూ, మా ఊరి పేరు నీకు విడిగా పంపాను. ఆయన ఏ మిల్లు దగ్గర ఉండేవారో మీ పేట పెద్దవాళ్ళని అడిగి చెప్పు. నాన్నమ్మ రోజూ అడుగుతోంది.