థీమ్ పార్కు 'రాబోయే కాలం' జోన్‌లో రోలర్ కోస్టర్ బయటికి కనపడాలా, లోపల దాచాలా?

చంద్రగిరి_కుర్రోడు · శనివారం రాత్రి 9:12
అందరికీ నమస్తే. ఆర్కిటెక్చర్ ఆఖరి సంవత్సరం, థీసిస్ నడుస్తోంది. ఇది కాగితం మీద ప్రాజెక్టే, ఎవరూ కట్టట్లేదు, కాబట్టి భూములు పోతాయని నన్ను తిట్టొద్దు. సైటు తిరుపతి నుంచి చంద్రగిరి వచ్చే రోడ్డు పక్కన, వెనక కొండ. థీమ్ పార్కులో 'రాబోయే కాలం' అనే జోన్ నాకు పడింది, అందులో పెద్ద కోస్టర్ ఒకటి ఉండాలి. మా గైడు అడిగేది ఒకటే, ట్రాక్ బయటికి కనపడుతుందా, బిల్డింగ్‌లో పెడతావా అని.
ఫ్లోరిడాలో డిస్నీ వాళ్ళ మ్యాజిక్ కింగ్డమ్ పార్కులో రెండు రకాలూ పక్కపక్కనే ఉన్నాయి. స్పేస్ మౌంటెన్ 1975లో తెరిచారు, తెల్లటి పెద్ద డోమ్, కోస్టర్ మొత్తం లోపల చీకట్లోనే. దాని పక్కన 2023 ఏప్రిల్‌లో ట్రాన్ అనే కోస్టర్ వచ్చింది, షాంఘైలో 2016లో పెట్టినదాని జోడు. దీనికి అలలాగ వంగిన పెద్ద పందిరి, రాత్రయితే రంగులు మారే లైట్లు. రేసు బైకు మీద కూర్చున్నట్టు ముందుకి వంగి కూర్చున్న జనం ఆ పందిరి కింద ఒక చుట్టు తిరిగి మళ్ళీ బిల్డింగ్ లోపలికి దూరిపోతారు. నా ఓటు ట్రాన్‌కి, నా డ్రాయింగులో కూడా అలాంటి పందిరే గీసి ఇక్కడ పెట్టాను. మీరేమంటారు?

లెక్కల_సారు · 9:40
బాబూ, ముందు ఒక దిద్దుబాటు. స్పేస్ మౌంటెన్ డోమ్ కాదు, శంకువు. డోమ్ అంటే బోర్లించిన గిన్నె. ఇది బోర్లించిన గరాటు. నేను పేపర్ దిద్దితే అక్కడే రెండు మార్కులు పోతాయి. ఇక విషయం. దాచడమే మేలు. ట్రాక్ అంటే ఇనుప పేగులు. పేగులు బయట వేసుకుని తిరిగే జంతువుని నేనెక్కడా చూడలేదు.

చిత్తూరు_బుల్లెట్ · 9:43
సార్ క్లాసు మొదలు.

ఎనామిల్_అన్న · 10:15
ఆ పేగులతోనే సార్ ఇరవై రెండేళ్ళుగా నేను అన్నం తింటా ఉండేది. రేణిగుంట పక్కన ఫ్యాబ్రికేషన్ షెడ్డు నాది. షెడ్లు, హోర్డింగులు, పెట్రోల్ బంకుల పైకప్పులు చేస్తాము. పెద్ద పైపుని రెండు వైపులకీ ఒకేసారి వంచి, జాయింటు ఎక్కడుందో చేత్తో తడిమినా తెలియకుండా గ్రైండింగ్ పట్టిన పని మీరు చూసుంటే పేగులు అనరు. తమ్ముడూ, బయటే పెట్టు. కానీ తెలుపు మాత్రం వద్దు. మన రోడ్డు దుమ్ముకి తెలుపు ఆరు నెలల్లో టీ వడకట్టిన గుడ్డలాగ అయిపోతుంది. ఇంకోటి, ప్రైమర్ కక్కుర్తి పడితే రెండో ఎండాకాలానికి పొక్కులు లేస్తాయి, గోటితో గీకితే పెచ్చులూడతాయి. అప్పుడు నీ రాబోయే కాలం పాత బస్టాండులాగ ఉంటుంది.

చంద్రగిరి_కుర్రోడు · 10:31
అన్నా, రంగు గురించి భలే కథ ఉంది. కాలిఫోర్నియా డిస్నీల్యాండ్‌లో కూడా ఒక స్పేస్ మౌంటెన్ ఉంది, 1977ది. 1998లో ఆ జోన్ మొత్తానికి పాతకాలపు ఊహల్లోని భవిష్యత్తు లుక్ ఇద్దామని దానికి రాగి, బంగారం రంగులు కొట్టారు. జనానికి ఎక్కలేదు. 2005లో మళ్ళీ తెరిచేసరికి తెలుపు తిరిగొచ్చింది. పారిస్ డిస్నీలోదానికి మాత్రం 1995లో కట్టినప్పుడే ఇత్తడి రంగు, పక్కన పెద్ద ఫిరంగి, ట్రైన్‌ని అందులోంచి పైకి పంపినట్టు పెట్టారు, అది అక్కడ కుదిరింది. కాబట్టి తెలుపే భవిష్యత్తు అని రూలేమీ లేదు.

పుత్తూరు_టు_టాంపా · 10:50
నేను ఫ్లోరిడాలోనే ఉంటాను, రెండూ ఎక్కాను. స్పేస్ మౌంటెన్ స్పీడు గంటకి 45 కిలోమీటర్లు దాటదు, అంటే మన పల్లెవెలుగు బస్సు. కానీ చీకట్లో మలుపు ఎటు వస్తుందో తెలియక 100లో పోతున్నట్టు ఉంటుంది. వెలుగులో పెట్టుంటే ఎవరూ కేకలు పెట్టరు. ట్రాన్ నిజంగానే 95 దాకా పోతుంది. దాని ట్రాక్ జనం నడిచే దారి పక్కనే వంపు తిరుగుతుంది, పొద్దు పోయాక చాలామంది ఎక్కకుండా అక్కడే నిలబడి చూస్తుంటారు.

లెక్కల_సారు · ఆదివారం ఉదయం 6:05
ఇంకా డోమ్ అని మొదటి పోస్టులో అలాగే ఉంది. ఎడిట్ చేయలేదు.

పలమనేరు_పద్మ · 7:30
బాబూ, లుక్ సంగతి తర్వాత. ఎత్తు రూల్ ఎంత పెడుతున్నావు? పోయిన వేసవిలో ఒక పార్కుకి పోయాము, పేరు వద్దులే. మా పాపకి రెండు సెంటీమీటర్లు తక్కువని గేటు దగ్గర ఆపేశారు. ఆపింది తప్పు అనట్లేదు, సేఫ్టీ సేఫ్టీనే. కానీ కోస్టర్ షెడ్డులో ఉంది. వాళ్ళ నాన్న, అన్న లోపలికి పోయారు, నేనూ పాపా నలభై నిమిషాలు ఒక రేకు గోడని చూస్తూ కూర్చున్నాము. లోపల్నుంచి కేకలు వినపడినప్పుడల్లా 'అమ్మా ఇప్పుడు ఏమైంది' అని అడిగేది. నేనేం చెప్పేది?

మదనపల్లి_టమోటా · 8:02
మహారాష్ట్రలో ఇమాజికా పార్కులో రెండు రకాలూ చూశా. నైట్రో అనే కోస్టర్ బయట, కాళ్ళ కింద ఫ్లోర్ కూడా ఉండదు. డీప్ స్పేస్ లోపల, చీకటి. మా మామకి లోపలిదే నచ్చింది, భయపడిన మొహం ఎవరూ చూడలేదు కాబట్టి.

లెక్కల_సారు · 8:45
పద్మమ్మా, మీ పాప గోడ చూసిందంటే ఆ గోడ సరిగ్గా కట్టలేదని అర్థం. స్పేస్ మౌంటెన్ మీద దూలాలు బయటికి ఎందుకు కనపడతాయో ఇక్కడ ఎవరికైనా తెలుసా? డిస్నీలో జాన్ హెంచ్ అనే డిజైనర్ వాటిని బయట పెట్టించాడు. లోపల గోడ నున్నగా ఉంటేనే దాని మీద ప్రొజెక్టర్‌తో వేసే నక్షత్రాల బొమ్మ సరిగ్గా పడుతుంది. బయట ఆ దూలాలు పైకి పోయేకొద్దీ దగ్గర పడతాయి, అందుకే శంకువు ఉన్నదానికన్నా ఎత్తుగా అనిపిస్తుంది. మా మనవడికి చెప్పడం కోసం ఇదంతా చదివాను. లోపలి అవసరం బయటి అందం అయింది. ఒక్క వంపు ట్రాక్ బయటపెట్టలేదు. దాచి కూడా అందంగా చేయొచ్చు అనడానికి ఇది చాలదా?

ఎనామిల్_అన్న · 9:20
అంటే అస్థిపంజరం బయటే ఉందని మీరే చెప్తా ఉండారు సార్. నేననేదీ అదే గదా.

లెక్కల_సారు · 9:26
దూలం వేరు, ట్రాక్ వేరు.

ఎనామిల్_అన్న · 9:28
రెండూ ఇనుమే.

లెక్కల_సారు · 9:31
స్పేస్ మౌంటెన్ దూలాలు కాంక్రీటువి. ఇనుము కాదు. చదివి మాట్లాడండి.

ఎనామిల్_అన్న · 9:55
చదివి మాట్లాడమంటారా. సరే సార్. నేను పదో తరగతి తర్వాత చదవలేదు, అది ఈ ఫోరమ్‌లో అందరికీ తెలిసిందే, మళ్ళీ మీరు గుర్తు చేయనక్కర్లేదు. మీరు దాచండి దాచండి అంటా ఉంటే నాకు ఒకటే గుర్తొస్తుంది. చిన్నప్పుడు సెలవుల్లో ఎగ్జిబిషన్ వచ్చేది, రంగులరాట్నం పెట్టేవాళ్ళు. టికెట్ అయిదు రూపాయలు. మా నాయన దగ్గర ఇంటికి నలుగురికి ఇరవై రూపాయలు ఉండేవి కావు, ఉన్నా దానికి పెట్టేవాడు కాదు. నేనూ మా తమ్ముడూ తడికె బయట నిలబడి చూసేవాళ్ళం. ఒక నీలం తొట్టి ఉండేది, దాని తలుపు సరిగ్గా పడక సైకిల్ గొలుసుతో కట్టేసుంటారు, అది కిందికి వచ్చినప్పుడల్లా ఒకటి, రెండు అని లెక్క. ముప్పై ఏడు దాకా లెక్కేసినట్టు జ్ఞాపకం. అది చూసే నాకు ఈ పని మీద ఆశ పుట్టింది, ఆ ఇరుసు ఎట్లా పట్టుకుంటా ఉందా అని. దాన్ని డోమ్‌లోనో మీ గరాటులోనో పెట్టుంటే నాకేం కనపడేది? డబ్బున్నోడు లోపల తిరుగుతాడు, లేనోడు గోడ చూడాల. మీరు చెప్పే అందం అదీ.

చిత్తూరు_బుల్లెట్ · 10:01
అన్నా సూపర్.

పుత్తూరు_టు_టాంపా · 10:12
ఒక చిన్న మాట. ట్రాన్ పందిరి దగ్గర్నుంచి చూడాలన్నా పార్కు టికెట్ కొనాల్సిందే. స్పేస్ మౌంటెన్‌లో కూడా నెమ్మదిగా పోయే పీపుల్ మూవర్ అని ఒక చిన్న ట్రైన్ లోపలి నుంచే పోతుంది, కోస్టర్ ఎక్కనివాళ్ళు అందులో కూర్చుని చీకట్లో ఆ కేకలు విని రావచ్చు. పద్మగారి పాపకి అది సరిపోయేది.

పలమనేరు_పద్మ · 10:20
మంచిదే. ఎత్తు రూల్ ఎంత అని అడిగాను.

లెక్కల_సారు · 11:10
మీ చదువు గురించి నేను అనలేదు. అన్నట్టు అనిపించి ఉంటే తప్పు నాది. కానీ మీరు మీ కథ చెప్పారు కాబట్టి నాదీ వినండి, శంకువు గొడవ పక్కన పెడదాం.
1988లో మేము ఇల్లు కట్టుకున్నప్పుడు మిద్దె ఎక్కితే కొండ మొత్తం ఈ చివర నుంచి ఆ చివర దాకా కనపడేది. పొద్దు గూకాక ఘాట్ రోడ్డు లైట్లు వంపులు తిరిగిన దండలాగ వెలిగేవి. మా ఆవిడకి మోకాళ్ళు పోయాక కొండకి రాలేకపోయింది. రోజూ సాయంత్రం మిద్దె ఎక్కి, వడియాల గుడ్డ మడత పెట్టి, కొండవైపు దణ్ణం పెట్టుకుని దిగేది. నాలుగేళ్ళ క్రితం ఎదురుగా అయిదంతస్తులు లేచాయి. ఇప్పుడు మా మిద్దె మీది నుంచి కనపడేది ఆ అపార్ట్‌మెంట్ వెనక వైపు. పదకొండు ఏసీ డబ్బాలు, ఒక డ్రైనేజీ పైపు. నేనూ లెక్కపెట్టాను, మీ నీలం తొట్టిలాగే. 'దణ్ణం ఎవరి ఏసీకి పెట్టమంటారు' అంది ఆమె ఒకరోజు. ఆ తర్వాత మిద్దె ఎక్కడం మానేసింది.
ఈ అబ్బాయి డ్రాయింగు చూశాను. కొండ ముందు అల లాంటి పందిరి, దానికి రాత్రంతా ఊదా, నీలం లైట్లు. కోస్టర్ మీద నాకు కోపం లేదు. కొండ ముందు ఇంకొకటి లేస్తోందంటే భరించలేను, అది కాగితం మీదైనా సరే.

మదనపల్లి_టమోటా · 11:14
సార్, ఇది మొదటే చెప్పుంటే గరాటు దగ్గర మేం ఇంతసేపు తిరిగేవాళ్ళం కాదు.

చంద్రగిరి_కుర్రోడు · మధ్యాహ్నం 1:30
సార్, నిజం చెప్పాలంటే పందిరి వెనక కొండ గీత పడితే రెండరింగ్ బాగుంటుందని గీశాను. రోడ్డు మీద నిలబడిన మనిషికి ఎలా కనపడుతుందో చూడలేదు. కాలిఫోర్నియా స్పేస్ మౌంటెన్ ఫ్లోరిడాదానికంటే చాలా పొట్టి, పార్కు చిన్నది కాబట్టి పక్కనున్నవాటిని మింగేయకుండా కొంత భాగం భూమిలోకి దించి కట్టారు. నేను కూడా కిందికి దించితే? రోడ్డు మట్టం నుంచి 9 మీటర్లు మాత్రమే పైకి. డోమ్ అన్న మాట కూడా ఎడిట్ చేస్తాను.

ఎనామిల్_అన్న · 1:52
దించడం చెప్పినంత తేలిక కాదు తమ్ముడూ. కొండ కింద నేల, కొంచెం తవ్వితే బండ తగలొచ్చు. బండ పగలగొట్టేదానికి, వానొస్తే ఆ గుంతలో నీళ్ళు తోడేదానికి మోటార్లకి ఎంతవుతుందో థీసిస్‌లో రాస్తావా?

లెక్కల_సారు · 2:20
రోడ్డు నుంచి ఎంత దూరం?

చంద్రగిరి_కుర్రోడు · 2:24
60 మీటర్లు సార్.

లెక్కల_సారు · 2:41
కంటి ఎత్తు ఒకటిన్నర తీసేయ్. ఏడున్నర బై అరవై, ఎనిమిదో వంతు, సుమారు 7 డిగ్రీలు. చెయ్యి చాచి పిడికిలి అడ్డం పెడితే దాని వెనక దాక్కుంటుంది. అదే ఫ్లోరిడాలోది 183 అడుగులు, అంటే 56 మీటర్లు, ఇక్కడ పెట్టుంటే 42 డిగ్రీలు, తల వెనక్కి వంచితే తప్ప ఆకాశం కనపడేది కాదు. 7 అయితే నాకు అభ్యంతరం లేదు. రాత్రి పదకొండు తర్వాత లైట్లు ఆర్పాలి.

ఎనామిల్_అన్న · 3:05
9 మీటర్లకి దించి, గోడ కట్టి, లైట్లు ఆర్పేస్తే గోడ బయట నిలబడిన పిల్లోడికి ఏం కనపడుతుంది సార్?

లెక్కల_సారు · 3:07
కొండ.

ఎనామిల్_అన్న · 3:15
కొండని పుట్టినప్పట్నుంచీ చూస్తానే ఉండాడు సార్ వాడు. వాడికి కావల్సింది తిరిగేది. గోడలో ఒక చోటైనా జాలీ పెట్టు తమ్ముడూ, ట్రైన్ మలుపు తిరిగే చోట. గేటుకి దూరంగా పెట్టు, లేకుంటే సెక్యూరిటీ వాడు తరిమేస్తాడు.

చిత్తూరు_బుల్లెట్ · 3:18
పార్కింగ్ యాడ పెడతా ఉండావ్ బ్రో?

పలమనేరు_పద్మ · 3:40
ఇంకా ఎత్తు సంగతి చెప్పలేదు. నెట్‌లో చూశాను, ట్రాన్‌కి 122 సెంటీమీటర్లంట, స్పేస్ మౌంటెన్‌కి 112 అంట. నువ్వు ఏది పెడతావు?

లెక్కల_సారు · 3:44
ఆగమ్మా, ముందు ఎత్తు తేలనీ.

పలమనేరు_పద్మ · 3:45
నేనడిగేదీ ఎత్తే సార్.