లైబ్రేరియన్ తన పేరుతో 'చలికాలం చదువు' జాబితా గోడకు పెట్టొచ్చా?

కాలువగట్టు

మాది కృష్ణా జిల్లాలో ఒక చిన్న ఊరు. పేరు రాయను, రాస్తే ఆవిడెవరో తెలిసిపోతుంది.

నవంబరు 14 నుంచి 20 దాకా గ్రంథాలయ వారోత్సవాలు జరిగాయి కదా. అవి అయిన మర్నాడే మా శాఖా గ్రంథాలయంలో లైబ్రేరియన్ గారు తలుపు పక్కన ఒక చార్టు అంటించారు. 'ఈ చలికాలం నేను చదువుతున్నవి' అని పైన స్కెచ్ పెన్నుతో రాసి, కింద తన పేరు పెట్టుకున్నారు. అయిదు పుస్తకాలు, ఒక్కోదాని పక్కన ఒక్క మాట. తిరుప్పావై వ్యాఖ్యానం పక్కన: 'ధనుర్మాసంలో రోజుకో పాశురం, ముప్పై రోజులు. మా అమ్మ పైకి చదివేది, నేను దుప్పటి కప్పుకుని వినేదాన్ని.' జాషువా గారి గబ్బిలం పక్కన: 'గబ్బిలానికి గుడిలోకి అడ్డు లేదు. ఎవరికి ఉందో చదవండి.' అమరావతి కథల పక్కన: 'నూరు కథలు. పడుకోబోయే ముందు ఒకటి చాలు.' మిగతా రెండూ పిల్లలవి, ఒకటి కొల్లేటికొచ్చే వలస పక్షుల మీద.

వారం తిరక్కుండా ఫిర్యాదు వెళ్లింది: సర్కారు గ్రంథాలయంలో భక్తి ప్రచారమా అని. నాలుగు రోజులకు ఇంకొకరిది: గబ్బిలం పెట్టి కులం గొడవలు తెస్తున్నారని. రెండూ ఆ ఒక్క చార్టు మీదే! సొంత ఇష్టాలు గోడ మీద వద్దని పైనుంచి మాట వచ్చింది, ఆవిడ తీసేశారు. ఇప్పుడక్కడ నాలుగు మూలలా సెల్లోటేపు మరకలున్నాయి.

అమరావతి కథల ప్రతి వెనక తేదీల చీటీ చూశాను. చార్టుకు ముందు చివరి ముద్ర 2016 మార్చిది. చార్టు ఉన్న కొద్ది రోజుల్లో రెండు ముద్రలు పడ్డాయి, రెండోది నాదే. నా మట్టుకు తీసెయ్యడం తప్పు. మీరేమంటారు?

న్యాయపక్షం

తీసెయ్యడమే సరైంది. ఇంటి పన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు కడుతున్నాం. అందులో భక్తులూ ఉన్నారు, నాస్తికులూ ఉన్నారు, అన్ని కులాలవాళ్లూ ఉన్నారు. అందరి డబ్బుతో నడిచే చోట గోడ మీద ఒక ఉద్యోగి ఇష్టం ఉండకూడదు. ఈవిడ మంచి మనిషే కావచ్చు. రేపు బదిలీ మీద వచ్చినాయన తన పార్టీ పుస్తకాలే అయిదు రాసి పెడితే ఏ మొహంతో వద్దంటాం? కొత్తగా వచ్చిన పుస్తకాల జాబితా పెట్టండి, ఎక్కువమంది తీసుకెళ్లినవి పెట్టండి. ఎవరికీ అభ్యంతరం ఉండదు.

బీరువా తాళం

ఇరవై రెండేళ్లుగా లైబ్రేరియన్ ఉద్యోగంలోనే ఉన్నాను కాబట్టి కాస్త వివరంగా రాస్తాను.

ఎక్కువమంది తీసుకెళ్లినవి అంటున్నారు. మా రిజిస్టరులో అవి ఏటా అవే. ఆ జాబితా గోడ మీద పెడితే వాటినే ఇంకో నలుగురు అడుగుతారు, లోపలి బీరువాలో ఉన్నవి లోపలే ఉంటాయి. కొత్తవి అంటున్నారు. ఏవి కొనాలో మా చేతిలో లేదు, వచ్చినవాటికి నంబరు వేసి సర్దుతాం. సిఫారసు అంటారా, అది చెయ్యని రోజు నా సర్వీసులో లేదు. "ఏదైనా మంచిది ఇవ్వండి సార్" అని రోజుకు పదిమంది అడుగుతారు. అప్పుడు చెయ్యి ఏ వరస మీదికి పోతుందో అది నా ఇష్టమే. నోటితో చెప్పినప్పుడు లేని తప్పు చార్టు మీద రాస్తే ఎందుకొచ్చింది? రాసింది అందరికీ కనబడుతుంది, దాని మీద నన్ను నిలదీయొచ్చు. నోటిమాటకు ఆ జవాబుదారీ కూడా లేదు.

మన దేశంలో గ్రంథాలయ శాస్త్రానికి పెద్దదిక్కయిన రంగనాథన్ గారు 1931లో గ్రంథాలయాలకు అయిదు సూత్రాలు రాశారు. ప్రతి పాఠకుడికీ తన పుస్తకం అనేది రెండోది, ప్రతి పుస్తకానికీ తన పాఠకుడు అనేది మూడోది. రెండోదాన్ని అందరూ చెబుతారు. పాఠకుడైతే కాళ్లతో నడిచి వస్తాడు, పుస్తకం నడవలేదు. ఎవరో ఒకరు బయటికి తీసి దీని సంగతి ఇదీ అని చెప్పాలి. చలికాలంలో సాయంత్రం పూట జనం పలచబడతారు. మేం కూర్చుని చదువుకునేది అప్పుడే. ఆవిడ ఆ నెలలో పెట్టడంలో ఆశ్చర్యమేముంది!

గ్రూప్స్ అభ్యర్థి

మా జిల్లా గ్రంథాలయంలో కుర్చీ దొరకాలంటే పొద్దున తలుపు తీసే వేళకు బయట ఉండాలి. అందరం పోటీ పరీక్షలవాళ్లమే. నిజం చెప్పాలంటే మాకు చార్టు కంటే రాత్రి తొమ్మిదింటిదాకా లైట్లు వేసి ఉంచడం ముఖ్యం.

అయినా ఒక మాట చెప్పాలి. గబ్బిలం, జాషువా, 1941 అని ఎన్నిసార్లు బట్టీ పట్టానో లెక్క లేదు. పుస్తకం మాత్రం తెరవలేదు. కాలువగట్టు గారు రాసిన ఆ చార్టు మాట చదివి నిన్న అడిగి తీసుకున్నాను. గుడిలో అడుగు పెట్టనివ్వని మనిషి, కాశీ వెళ్లి శివుడి చెవిన తన గోడు వెయ్యమని గబ్బిలాన్ని బతిమాలుతున్నాడు. నాకు బిట్టు ప్రశ్నగా తెలిసినదాని లోపల ఇంత దుఃఖం ఉందా అనిపించింది. రాత్రి హాస్టల్లో పైకి చదివితే పక్క మంచం అతను లేచి కూర్చున్నాడు. న్యాయపక్షం గారూ, ఎక్కువమంది తీసుకెళ్లిన జాబితా నాతో ఈ పని చేయించేది కాదండీ.

సియాటిల్ చినుకు

ఇక్కడ అమెరికాలో, మా సియాటిల్‌లో డిసెంబరులో సాయంత్రం నాలుగున్నర లోపే పొద్దుగూకుతుంది, రోజూ ముసురే. లైబ్రరీలో సిబ్బంది మెచ్చిన పుస్తకాలకు వేరే అర ఉంటుంది, ప్రతి పుస్తకంలో చేతిరాత చీటీ, కింద రాసినవాళ్ల పేరు. మా అమ్మాయి చీటీలు చూసి, ఫలానా ఆవిడ రాసిందంటే కళ్లు మూసుకుని తెస్తుంది, ఇంకొకరి చీటీ అయితే అక్కడే పెట్టేస్తుంది. పేరు ఉండటం వల్లే అది కుదురుతోంది.

నాన్సీ పెర్ల్ అనే లైబ్రేరియన్ 1998లో ఊరంతా ఒకే పుస్తకం చదివి మాట్లాడుకునే కార్యక్రమం మొదలుపెట్టింది ఈ ఊళ్లోనే. ఆవిడది ఒక లెక్క ఉంది. 50 పేజీలు చదువు, నచ్చకపోతే మూసెయ్. వయసు యాభై దాటితే వందలోంచి వయసు తీసెయ్, మిగిలినన్ని పేజీలు చాలు. 68 ఏళ్ల మా నాన్నగారికి చెబితే, నాకు 32 పేజీలే బాకీ అన్నమాట అని సంబరపడ్డారు. అన్నేసి పుస్తకాలు సిఫారసు చేసినావిడే వదిలెయ్యడానికీ అనుమతి ఇచ్చిందంటే అందులో రుద్దడం ఎక్కడుంది?

ఫిర్యాదులు ఇక్కడా వస్తాయి. అయితే చాలా లైబ్రరీల్లో దానికొక ఫారం ఉంటుంది, పుస్తకం మొత్తం చదివారా అని అందులో అడుగుతారు. మీ ఊళ్లో ఆ ఇద్దరినీ ఎవరైనా అడిగారా?

న్యాయపక్షం

ఫారం సంగతి నాకు నచ్చింది, ఒప్పుకుంటున్నాను. గ్రూప్స్ తమ్ముడు రాసింది రెండుసార్లు చదివాను.

కానీ నా అసలు భయం వేరే. మా పెద్దమ్మ కూతురు ఒక గ్రంథాలయంలో ఔట్‌సోర్సింగ్ మీద పనిచేస్తోంది. జీతం మూడు నెలలకోసారి వస్తుంది. ఆ పిల్ల మీద ఒక్క ఫిర్యాదు కాగితం వెళ్తే మళ్లీ ఏడాదికి పేరు ఉంటుందో లేదో! మీరంతా పేరు ఉండాలంటున్నారు. ఆ పేరుకు వచ్చే దెబ్బ మీరెవరూ కాయరు. సియాటిల్‌లో చీటీ రాసినావిడకు ఉన్న ధైర్యం దానికి లేదు.

బీరువా తాళం

ఇది మాత్రం నిజం. నాది పర్మినెంటు ఉద్యోగం కాబట్టి తేలిగ్గా మాట్లాడానేమో. అయినా పేరు తీసేస్తే అది ఆఫీసు నోటీసు అయిపోతుంది, దాన్ని ఎవరూ చదవరు. పాఠకులు ఆవిడ పక్కన నిలబడాలి. ఫిర్యాదు రాసినవాళ్లు ఇద్దరు. మెచ్చుకుంటూ కాగితం రాసినవాళ్లు ఎందరు, కాలువగట్టు గారూ?

కాలువగట్టు

ఒక్కరూ లేరండీ. నేనూ రాయలేదు. ఇక్కడ ఇంత రాశాను గానీ అక్కడ ఒక్క ముక్క రాసివ్వలేదు.

ఇవాళ సాయంత్రం వెళ్లి ఆవిడతో మాట్లాడాను. "మళ్లీ నేను పెట్టనమ్మా, పిల్లల ఫీజులున్నాయి. మీరు పెడితే మాత్రం గోడ ఇస్తాను" అన్నారు. న్యాయపక్షం గారి మాటే ఆవిడ నోట విన్నట్టయింది.

బుధవారం చార్టు నేను కొంటున్నాను. పైన 'ఈ చలికాలం మేం చదువుతున్నవి' అని రాసి, మొదటి వరసలో అమరావతి కథలు, పక్కన నా పేరు, నేను చందాదారుగా చేరిన సంవత్సరం. మెచ్చుకోలు కాగితం విడిగా రాసిస్తాను, పైకి పంపమని. ఇంకో ఇద్దరు ముగ్గురితో మాట్లాడాను, వాళ్లూ తలో వరస రాస్తామన్నారు. పక్షుల పుస్తకం సంక్రాంతి సెలవులకొచ్చే పిల్లల చేత రాయిద్దామని అనుకుంటున్నాం. చివరి వరస ఖాళీగా వదిలి, పెన్ను దారంతో కట్టి పెడతాను.