చేపల పులుసు పక్కన ఏ వైన్? విశాఖలో 1500 లోపు సీసాల గురించి మీ అనుభవాలు చెప్పండి

లాసన్స్ బే మేడ
వచ్చే శనివారం మా మేడ మీద పదకొండు మందిమి కలుస్తున్నాం. వంట మాది, సీసా ఎవరిది వాళ్ళే తెచ్చుకోవాలి. వంజరం వేపుడు, రొయ్యల ఇగురు, చింతపండు చేపల పులుసు, మాంసం కూర చేస్తున్నాం. అసలు ఓ సీఫుడ్ హోటల్‌కి సీసాలు పట్టుకెళ్దామనుకున్నాం. అడిగితే మేనేజర్ గారు, "మాకు లైసెన్స్ లేదండి, బల్ల మీద సీసా కనబడితే కేసు మా మీదకి వస్తుంది" అన్నారు. నిజమే కదా, అందుకే ఇంట్లోనే పెట్టుకున్నాం.

కిందటిసారి అందరూ ఖరీదు చూసి కాబెర్నే (ఒక నల్ల ద్రాక్ష రకం) రెడ్ వైన్‌లు తెచ్చారు. ఒక గుక్క తాగి పులుసు ముద్ద పెట్టుకుంటే నోరంతా మంట, నాలుక మీద ఒగరు. ఆరు సీసాలు సగం సగం మిగిలిపోయాయి. ఈసారి అలా కాకూడదు. ఏం తెమ్మని చెప్పమంటారు?

ఉప్పు గాలి
తప్పు సీసాలది కాదండీ, జోడీది. రెడ్ వైన్‌లో ఒగరు ద్రాక్ష తొక్కల నుంచి, గింజల నుంచి వస్తుంది. పచ్చి జామకాయ కొరికితే నాలుక పట్టేస్తుంది చూడండి, అదే. మిరప కారం తగిలితే ఆ ఒగరు రెట్టింపు అయినట్టుంటుంది, ఆల్కహాల్ ఎక్కువైతే మంట ఇంకా పెరుగుతుంది. పైగా రెడ్‌లో ఉండే ఇనుము చేప కొవ్వుతో కలిస్తే నీచు వాసన పైకొస్తుంది.

చింతపండు సంగతి వేరు. పులుసుకున్నంత పులుపు వైన్‌లో లేకపోతే అది నీళ్ళలా చప్పగా అయిపోతుంది. కాబట్టి మన కూరలకి కావలసింది పులుపు బాగా ఉండి, కాస్త తీపి తగిలే, చల్లని వైట్ వైన్. నేనైతే సులా అనే కంపెనీ వాళ్ళ చెనిన్ బ్లాంక్ (తెల్ల ద్రాక్ష రకం పేరు) దగ్గరే మొదలుపెట్టమంటాను. నాసిక్‌ది, కొంచెం తీపి ఉంటుంది, మర మూత కాబట్టి ఓపెనర్ వెతుక్కునే పని లేదు. వాళ్ళదే రీస్లింగ్ అనే ఇంకో తెల్ల ద్రాక్ష రకం దొరికితే రొయ్యల ఇగురుకి అది ఇంకా బాగుంటుంది. సావిన్యాన్ బ్లాంక్ అనే మరో రకం వైట్‌లో తీపి ఉండదు. నిమ్మకాయ పిండిన వేపుడుకి సరిపోతుంది గానీ ఇగురు కారానికి ఆగదు.

సీతమ్మధార
పేరు చూసి కొంటే చాలదు, ఆ సీసా కొట్లో ఎలా బతికిందో చూడాలి. రెండేళ్ళ కిందట మే నెలలో ఒక కొట్టు అద్దాల షోకేసులోంచి వైట్ కొన్నాను. గ్లాసులో పోస్తే పల్చటి టీ రంగు, కోసి వదిలేసిన ఆపిల్ వాసన. అప్పుడు చూశాను, కార్క్ సీసా అంచు కంటే పైకి తేలి ఉంది, రేకు కింద జిగట. సాయంత్రం ఎండ నేరుగా ఆ షోకేసు మీద పడుతుంది. మా పెళ్ళిరోజు కోసం కొన్న సీసా అది. సింకులో పారబోస్తుంటే చాలా బాధేసింది.

అప్పటి నుంచి సీసా మెడ వేలితో తడిమి చూస్తాను. కార్క్ పైకి తేలినట్టున్నా, కారిన మరక ఉన్నా వద్దంటాను. షోకేసులోది ఇస్తే లోపలి అట్టపెట్టెలోంచి ఇమ్మని అడుగుతాను. చవక వైట్‌ల మీద సంవత్సరం తప్పకుండా చూడండి. నాసిక్‌లో ద్రాక్ష కోత జనవరి నుంచి మార్చి దాకా, అందుకని ఏడాది రెండో సగానికి కొత్తవి వస్తుంటాయి. మూడు నాలుగేళ్ళ పాతది తగ్గించి ఇస్తామన్నా తీసుకోవద్దు. 2024 అక్టోబర్‌లో ప్రైవేట్ షాపులు మళ్ళీ వచ్చాక ఎంచుకోడానికి కాస్త ఎక్కువే దొరుకుతున్నాయి, తొందరపడక్కర్లేదు. ఇంకొకటి, కొన్నాక కారు డిక్కీలో వదిలేసి బీచ్‌కి వెళ్ళకండి. మన ఎండకి ఒక్క మధ్యాహ్నం చాలు.

మెల్‌బోర్న్‌లో గాజువాక
ఇక్కడ అనుమతి ఉన్న చాలా హోటళ్ళలో సీసా మనమే తెచ్చుకోవచ్చు. మూత తీసి గ్లాసులిచ్చినందుకు కార్కేజ్ అని సీసాకింత, లేదా మనిషికింత తీసుకుంటారు. రిచ్‌మండ్‌లో విక్టోరియా స్ట్రీట్ వియత్నాం హోటళ్ళకి నేను పట్టుకెళ్ళేది ఇక్కడి క్లేర్ వ్యాలీ అనే వైన్ ప్రాంతపు రీస్లింగ్. తీపి లేకపోయినా నిమ్మ పులుపు బలంగా ఉంటుంది, చేపకి ప్రాణం లేచొస్తుంది. క్లేర్ వాళ్ళు 2000 నుంచే రీస్లింగ్‌కి మర మూతలు పెట్టారు, చవకదని చిన్నచూపు చూడొద్దు. ఇంకో ప్రాంతం హంటర్ వ్యాలీలో చేసే సెమియాన్ అనే వైట్‌లో ఆల్కహాల్ 10, 11 శాతమే, కారం కూరకి హాయి.

మీ స్నేహితులెవరైనా విదేశం నుంచి వస్తుంటే కస్టమ్స్‌లో మనిషికి 2 లీటర్ల దాకా సుంకం ఉండదు. 750 మిల్లీలీటర్ల సీసాలు రెండు వస్తాయి. అందరూ విస్కీయే తెస్తారు. ఒక్కసారి రీస్లింగ్ తెమ్మనండి.

భీమిలి బావ
అందరూ వైట్ అంటున్నారు, మరి మాంసం కూర మాటేమిటి? గసగసాలు, కొబ్బరి వేసి దగ్గరగా వండిన కూరకి తీపి వైట్ నాకు నచ్చదు. షోలాపూర్ జిల్లా అక్లూజ్‌లో ఫ్రాటెల్లి వాళ్ళు చేసే సాంజొవేజె రెడ్ తెచ్చుకోండి. ఇటలీ రకం ద్రాక్ష, టమాటా పులుపుకి అలవాటు పడ్డది, కాబెర్నే అంత బరువు కాదు. కాకపోతే మన గది వేడిలో తాగొద్దు, ముందు అరగంట ఫ్రిజ్‌లో పెట్టండి. రెడ్ చల్లబెట్టకూడదనే మాట చలి దేశాల గదులకి చెల్లుతుంది, విశాఖ ఉక్కపోతకి కాదు.

ఉప్పు గాలి
బావా, ఫ్రిజ్ మాట ఒప్పుకుంటాను. కానీ కూరలో మీ ఇంటి కారం వేస్తే సాంజొవేజె కూడా ఆగదు. కారం తగ్గించి వండితేనే.

లాసన్స్ బే మేడ
నిన్న రాత్రి అయిపోయిందండీ. ఫ్రిజ్‌లో చోటు లేక, స్నానాల ప్లాస్టిక్ టబ్బులో ఐసు, నీళ్ళు, రెండు గుప్పిళ్ళ రాళ్ళ ఉప్పు వేసి సీసాలు మెడ దాకా ముంచాం. ఇరవై నిమిషాల్లో సీసా పట్టుకుంటే వేళ్ళు కొంకర్లు పోయాయి. ఉత్త ఐసులో గంట పెట్టినా ఇంత చల్లబడదు.

చెనిన్ నాలుగు సీసాలు తెప్పిస్తే వేపుళ్ళ దగ్గరే మూడు అయిపోయాయి. నాలుగోది పులుసు కోసం దాచాను. మా అత్తయ్యగారు మొదటిసారి తాగారు. పులుసు ముద్ద తిని, ఒక గుక్క వేసి, "నాలుక కడిగినట్టుందే" అన్నారు. సాంజొవేజె మాంసం కూరతో ముగ్గురికి బాగా నచ్చింది, మా తమ్ముడికి మాత్రం కారం ఎక్కువై మంటే మిగిలింది. ఈసారి సీసాలు మిగల్లేదు. కానీ వేపుడు దగ్గరే చెనిన్ అంతా పోకుండా ఏం చేయాలి?

ఉప్పు గాలి
వేపుడుకి స్పార్క్లింగ్ (బుడగలొచ్చే వైన్) రెండు సీసాలు పెట్టండి. బుడగలు, పులుపు కలిసి నూనె జిడ్డుని కడిగేస్తాయి. నెత్తళ్ళ వేపుడైతే దానికి మించింది లేదు. మూత తీసేటప్పుడు మాత్రం సీసా బాగా చల్లగా ఉండాలి, బొటనవేలు మూత మీద నుంచి తియ్యొద్దు.