అమ్మకు నోటితో పెట్టొచ్చా, ట్యూబే ఉంచాలా?

గోదారిగట్టు: మా అమ్మకు 81 ఏళ్లు. డిమెన్షియా వచ్చి ఎనిమిదేళ్లు. ఈ ఏడాది ఏం తిన్నా పొలమారుతోంది. రెండుసార్లు నిమోనియా వచ్చింది. రెండోసారి ఆసుపత్రిలో ముక్కులోంచి రైల్స్ ట్యూబు వేసి, నోటికి ఏమీ ఇవ్వొద్దన్నారు. ఇంటికొచ్చాక మూడుసార్లు పీకేసుకుంది. ఇప్పుడు చేతులకు మెత్తటి గుడ్డ చుట్టి మంచం పట్టెకు కడుతున్నాం. పక్కన కూర్చుని నేను పెరుగన్నం తింటుంటే నా చెయ్యి వైపే చూస్తూ నోరు తెరుస్తుంది. మొన్న చెంచా కొసతో కాస్త మీగడ పెరుగు పెట్టాను. చప్పరించి మింగింది. వీడియో కాల్‌లో చూసిన అన్నయ్య "అమ్మను చంపేస్తావా" అన్నాడు. నేను చేసింది తప్పా?

పెద్దకొడుకు: తప్పేనండీ. మా నాన్నకు 2019లో పక్షవాతం వచ్చి మింగలేకపోయారు. నోట్లో ఏమీ పెట్టొద్దని తలాపున కాగితం అంటించారు. అయినా మా మేనత్త చూడలేక అరటిపండు పెట్టింది. దగ్గు కూడా రాలేదు. పొలమారితే తల మీద తట్టి "ఎవరో తలుచుకుంటున్నారు" అనడమే మనకు తెలుసు. కొందరికి అసలు పొలమారదు, చప్పుడు లేకుండా ఊపిరితిత్తుల్లోకి పోతుంది. అయిదో రోజు నాన్న పోయారు.

నైట్‌డ్యూటీ: పదిహేనేళ్లుగా నర్సుగా చేస్తున్నాను. మీ రెండు కేసులూ ఒకటి కావు. పక్షవాతంలో చాలామందికి కొన్ని రోజుల్లోనో వారాల్లోనో మింగడం తిరిగి వస్తుంది. అందాకా ట్యూబు ప్రాణం నిలబెడుతుంది. ముదిరిన డిమెన్షియాలో అలా తిరిగి రాదు. అలాంటివాళ్లకు ట్యూబు సిఫారసు చెయ్యం, జాగ్రత్తగా చేత్తో తినిపించండి అని అమెరికాలో వృద్ధుల వైద్యుల సంఘమైన అమెరికన్ జీరియాట్రిక్స్ సొసైటీ 2014లోనే చెప్పింది. ట్యూబు ఉన్నా ఉమ్మి లోపలికి జారుతుంది, పొట్టలోంచి పాలు పైకి తన్నుతాయి. నిమోనియా ఆగదు.

అలాగని ఎలా పడితే అలా పెట్టకూడదు. బాగా మెలకువగా ఉన్నప్పుడే, నిటారుగా కూర్చోబెట్టి, చెంచాలో సగమే పెట్టాలి. మింగాక నోరు ఖాళీ అయిందో లేదో చూడాలి. రోజూ పళ్లు, నాలుక శుభ్రం చెయ్యాలి. ట్యూబు ఉంది కదా అని చాలా ఇళ్లలో నోరు కడగడం మానేస్తారు. ఆ పాచిలోని క్రిములే ఉమ్మితో పాటు లోపలికి పోతాయి.

చారుమజ్జిగ: నీళ్లు, పల్చటి మజ్జిగ అస్సలు వద్దు. చిక్కబరిచే థిక్కెనర్ పౌడర్ కలపండి.

ఓరుగల్లు65: పౌడర్ ఎందుకండీ, రాగి జావ చిక్కగా కాస్తే సరిపోతుంది.

చారుమజ్జిగ: జావ వేడిగా ఉంటే ఒక చిక్కదనం, చల్లారితే ఒక చిక్కదనం. పైగా నోట్లో ఉమ్మి తగిలితే పల్చబడుతుంది. పౌడర్‌కి కొలత ఉంటుంది.

ఓరుగల్లు65: మా నాయనమ్మ జావతోనే రెండేళ్లు బతికింది.

పెద్దకొడుకు: జావ సంగతి తర్వాత. నర్సుగారూ, చెంచాతో పెడితే ఒంటికి సరిపడా పోతుందా? పోదు. అంటే కడుపు మాడ్చడమేగా? అన్నం పెట్టడం కూడా మందులాగా ఆపేసేదా?

నైట్‌డ్యూటీ: ఆఖరి దశలో ఆకలి దానంతటదే తగ్గుతుంది. అడిగినంత పెట్టడం మాడ్చడం కాదు. చేతులు కట్టి పాలు పొయ్యడాన్ని మీరేమంటారు?

తీర్పుకాపీ: చెప్పలేని స్థితి వస్తే ఏ చికిత్స వద్దో ముందే రాసిపెట్టే కాగితాన్ని లివింగ్ విల్ అంటారు. 2018 మార్చి 9న సుప్రీంకోర్టు దాన్ని ఒప్పుకుంది. 2023 జనవరిలో నిబంధనలు సడలించింది, నోటరీ దగ్గర అయినా చాలు. అమ్మగారు ఏమైనా రాసిపెట్టారా?

గోదారిగట్టు: రాయలేదండీ. అమ్మమ్మకు ట్యూబు వేసినప్పుడు వంటింట్లో "నాకిలా గొట్టాలు పెట్టి ఉంచొద్దే" అంది. విన్నది నేనొక్కదాన్నే.

పెద్దకొడుకు: దగ్గరున్నవాళ్లు ఎప్పుడూ తమకు కావలసిందే విన్నామంటారు.

గోదారిగట్టు: ఆరేళ్లుగా అమ్మకు పక్కలు మార్చేది నేను. ఒళ్లు తుడిచేది నేను. ట్యూబు పీకినప్పుడు ముక్కులోంచి వచ్చిన రక్తం తుడిచింది నేను. రాత్రి కట్లు బిగించేటప్పుడు నా ముఖంలోకి చూస్తుందండీ. మీరెవరైనా ఆ కట్టు కట్టారా? నాకు కావలసింది విన్నానా?

సత్యవతి_బామ్మ: కోపాలొద్దు నాయనా. దేవుడి మీద భారం వెయ్యండి.

పెద్దకొడుకు: రాత్రంతా ఆలోచించి రాస్తున్నాను. ఆ మాట అనకుండా ఉండాల్సింది, క్షమించండి. నాన్న పోయేనాటికి నేను మస్కట్‌లో ఉన్నాను. అరటిపండు సంగతి దినాలన్నీ అయ్యాక తెలిసింది. ఆయనే అడిగారట. ఫోన్ చేసి ఒక్క మాట అడిగుంటే నేనూ సరేననేవాణ్ణేమో. అడగలేదు. ఆయన ఆఖరి ముద్ద నాకు తెలియకుండా జరిగిపోయింది. మీరూ మీ అన్నయ్యను అడక్కుండానే పెట్టారు.

గోదారిగట్టు: అవును, అడగలేదు. అడిగితే వద్దంటాడని తెలుసు. ఆ మాట నిన్న అన్నయ్యకే చెప్పేశాను, చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. సోమవారం డాక్టరు గారి దగ్గరికి వెళ్తున్నాం, తను కాల్‌లో ఉంటానన్నాడు. ముందు ట్యూబు గురించి అడగను. అమ్మ చేతులు విప్పాలంటే ఏం చెయ్యాలి అని అడుగుతాను.

నైట్‌డ్యూటీ: స్పీచ్ థెరపిస్టుతో మింగే పరీక్ష చేయించమని కూడా అడగండి. ఆ పెరుగు డబ్బాలో పట్టుకెళ్లండి, వాళ్ల ముందే పెట్టి చూపించొచ్చు.