నికొలే పటం: శాస్త్రమా, ఆక్రమణకు పనిముట్టా?

ప్రశ్న
ఫ్రెంచి ఖగోళ శాస్త్రవేత్త జోసెఫ్ నికొలే 1830 విప్లవం తర్వాత ఆర్థికంగా చితికిపోయి, 1832లో అమెరికా చేరాడు. మిసిసిపి ఎగువ ప్రాంతాన్ని కొలిచి ఆయన గీసిన పటం 1843లో అచ్చయింది. తర్వాత అక్కడి మూలవాసులైన డకోటా జనం ఆ భూములు పోగొట్టుకున్నారు. మరి ఆయన్ని మెచ్చుకోవచ్చా?

జవాబు 1
మెచ్చుకోవాలండీ. అంతకుముందు అమెరికా సైనికాధికారి పైక్ గీసిన పటంలో క్రో వింగ్ నది మిసిసిపిలో కలిసే చోటు బాగా పడమరకు జరిగిపోయింది. ఆ తప్పును నమ్ముకుని గీసిన పటాలన్నీ తప్పుల తడకలే. నికొలే 1836లో బెరడు పడవలో నదికి ఎదురెక్కి, ఆకాశం చూసి లెక్కలు కట్టి దాన్ని సరిచేశాడు. బారోమీటరులో పాదరసం ఎంత దిగిందో చూసి నేల ఎత్తు కట్టేవాడు. ఆ గాజు గొట్టం పగలకుండా అడవి దారుల్లో మోసుకెళ్లడం ఎంత టెన్షనో ఆలోచించండి! ఇటాస్కా సరస్సే మిసిసిపి పుట్టిల్లని అప్పటికే అనుకుంటున్నారు. ఆయన అక్కడితో ఆగకుండా, సరస్సులోకి నీళ్లు తెచ్చే వాగుల వెంట నడిచాడు.

నాకు అన్నిటికన్నా విలువైనవి పేర్లు. అక్కడివాళ్లు ఏ వాగును ఏమంటారో అడిగి, డకోటా భాషలోనూ, మరో మూలవాసి తెగ అయిన ఒజిబ్వేల భాషలోనూ ఉన్న పేర్లను పటంలోకి ఎక్కించాడు.

జవాబు 2
పేర్లన్నీ అక్కడివాళ్లవి కాదండీ. ఆ యాత్రల్లోనే ఒక సరస్సుకు పాయిన్‌సెట్ పేరు పెట్టారు. ఆయన అప్పటి అమెరికా యుద్ధశాఖ మంత్రి. 1838, 1839 యాత్రలను నడిపించిందీ ఆ శాఖే. సైన్యం ఊరికే పటాలు గీయిస్తుందా? పటం అచ్చయిన 8 ఏళ్లకే, 1851లో, అమెరికా ప్రభుత్వంతో కుదిరిన ఒప్పందాల కింద డకోటాల చేతుల నుంచి దాదాపు 2 కోట్ల 40 లక్షల ఎకరాలు పోయాయి.

జవాబు 1 (మళ్లీ)
పాయిన్‌సెట్ సంగతి మీరన్నది నిజమే, ఒప్పుకుంటున్నాను. కానీ 1851లో జరిగిన మోసం వేరు. ఏం రాసి ఉందో తెలియని కాగితం మీద డకోటా పెద్దల చేత సంతకాలు చేయించి, వాళ్లకు రావలసిన డబ్బులో పెద్ద భాగాన్ని జంతువుల బొచ్చుతోళ్ల వ్యాపారులు పాత బాకీల కింద లాక్కున్నారు. పటం లేకపోయినా ఆ వ్యాపారులు ఆగేవారు కాదు.

జవాబు 3
నా బాధ ఇంకొకటి. నికొలేకు ఇటాస్కా దారి చూపింది లీచ్ లేక్ అనే సరస్సు దగ్గరి ఒజిబ్వేలు. ఇటాస్కాను వాళ్లు తమ భాషలో దుప్పి సరస్సు అనేవారు. 1832లో అమెరికా అన్వేషకుడు స్కూల్‌క్రాఫ్ట్ రెండు లాటిన్ మాటల ముక్కలు అతికించి ఇటాస్కా అన్నాడు, అదే నిలిచింది. నికొలే గొప్పతనం చెప్పే చోటల్లా ఆ పాత పేరు, ఆయన్ని వెంటబెట్టుకుని తీసుకెళ్లినవాళ్ల పేర్లు కూడా ఉండాలి.