అకౌంట్స్ అసిస్టెంట్ పోస్టుకి రీజనింగ్ పేపర్ పెట్టొచ్చా?

గోదారి_హెచ్ఆర్:
మాది రాజమండ్రిలో చిన్న డిస్ట్రిబ్యూషన్ కంపెనీ అండి, అకౌంట్స్ అసిస్టెంట్లని తీసుకోవాలి, మా సారేమో నెట్‌లో దొరికిన రీజనింగ్ పేపరొకటి చేతిలో పెట్టి ఇదే ఇచ్చేయ్ అంటున్నారు, అంతా బ్లడ్ రిలేషన్సు, కోడింగ్-డీకోడింగే. ఇక్కడ పని చూస్తే ట్యాలీలో బిల్లులు ఎక్కించడం, జీఎస్టీ పోర్టల్లో వచ్చే 2బీతో (సప్లయర్లు చూపించిన బిల్లుల లిస్టు) కొనుగోళ్లు సరిచూడటం, బ్యాంక్ రీకన్సిలియేషన్ అంటే మా పుస్తకాలూ బ్యాంక్ స్టేట్‌మెంటూ కలుస్తున్నాయో చూడటం. టెస్టుకి కంటెంట్ వ్యాలిడిటీ ఉండాలంటారు కదా, అదేంటో సార్‌కి ఎలా చెప్పాలి?

పాత_లెడ్జర్:
పరీక్షలో అడిగేదీ సీట్లో కూర్చున్నాక చేసేదీ ఒకటేనా అని చూడటమే అండి. ముందు ఇప్పుడు ఆ పని చేస్తున్నవాళ్ల పక్కన కూర్చుని ఏమేం చేస్తున్నారో, ఎక్కడ తప్పితే డబ్బు పోతుందో రాసుకోండి, తర్వాత ఒక్కో ప్రశ్న సీనియర్లకి విడివిడిగా చూపించి ఇది ఈ పనికి తప్పనిసరా అని అడగండి. లాషే అనే అమెరికా సైకాలజిస్టు 1975లో దీనికో లెక్క ఇచ్చాడు. పదిమందిలో ఎనిమిదిమంది తప్పనిసరి అంటే, ఆ ఎనిమిదిలోంచి పదిలో సగం అంటే ఐదు తీసేసి ఐదుతో భాగిస్తే 0.6. పదిమందికి ఆయన టేబుల్లో కనీసం 0.62 రావాలి, అంటే ఎనిమిదిమంది అవునన్నా ఆ ప్రశ్న పోయినట్టే! మీ దగ్గర అంతమంది ఉండరు, ఉన్న ముగ్గురూ అవునన్నవే ఉంచండి.

డల్లాస్_బాబాయ్:
అమెరికాలో ఇది కోర్టుకే ఎక్కింది. నార్త్ కరోలినాలో డ్యూక్ పవర్ వాళ్లు 1965లో మంచి డిపార్ట్‌మెంట్లకి వండర్లిక్ (తెలివితేటలది), బెన్నెట్ (యంత్రాల అవగాహనది) టెస్టులు పెట్టారు, నల్లజాతి కార్మికులు కేసేస్తే 1971లో సుప్రీంకోర్టు ఆ పనికి సంబంధం చూపించలేని టెస్టు చెల్లదు అంది. ఉద్యోగ పరీక్షల మీద అక్కడి ప్రభుత్వం ఇచ్చిన 1978 గైడ్‌లైన్స్‌లో అయితే తెలివితేటలు, లీడర్‌షిప్, కామన్‌సెన్స్ లాంటివి కొలిచే టెస్టుని కంటెంట్ వ్యాలిడిటీ పేరు చెప్పి నిలబెట్టలేం అని రాసే ఉంది. మీ సార్ రీజనింగ్ పేపర్ సరిగ్గా ఆ బాపతే.

బెజవాడ_ట్యాలీ:
అంతా బానే ఉంది గానీ బ్రో, పని నమూనాయే పెడితే పాత అనుభవం ఉన్నోడే గట్టెక్కుతాడు, ఫ్రెషర్ గతేంటి? అందుకే వచ్చాక రెండ్రోజుల్లో నేర్చేసుకునేవి, మీ ఫార్మాట్లూ అవీ, అడగొద్దు. ఓ పది బిల్లులు ఇవ్వండి, అందులో చెన్నై సప్లయర్ మీకు సరుకు పంపిన బిల్లుకి ఐజీఎస్టీ (వేరే రాష్ట్రం నుంచి వచ్చే సరుకుకి పడేది) బదులు సీజీఎస్టీ, ఎస్జీఎస్టీ (ఒకే రాష్ట్రంలో అయితే పడేవి) వేసి పెట్టండి, ఇంకోచోట అదే బిల్లు నంబర్ రెండుసార్లు వేయండి, పట్టుకుంటాడా లేదా చూడండి. అయినా రేపు ఎవడు బాగా చేస్తాడో ఇది చెప్పదు, దానికి మార్కులూ ఆర్నెల్ల తర్వాత పనితీరూ పక్కపక్కన పెట్టుకోవాల్సిందే.

గోదారి_హెచ్ఆర్:
థాంక్సండి, చెన్నై బిల్లు సార్‌కి తెగ నచ్చింది. కానీ బ్లడ్ రిలేషన్సు ఐదు మార్కులకైనా ఉంచమంటున్నారు 😐